కార్బన్ కాపీలో మిగిలిన మాట

ఆదోనిలో శ్మశానం గోడ పక్కనే పెరిగినవాణ్ణి. దయ్యాల మాటెత్తితే ఇప్పటికీ నవ్వేస్తాను. ఈ ఒక్కదాని దగ్గర మాత్రం నవ్వు రాదు.

డెబ్బైల చివర్లో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేవాణ్ణి. మా నాయన పత్తి జిన్నింగు మిల్లులో దుమ్ము పీల్చి పీల్చి, ఊపిరి ఆడక ఇంటిపట్టునే ఉండేవాడు. మాది ఒకటే గది. గాలి కోసం గడప పక్కనే చాప వేసుకునేవాడు. అమ్మ లేదు. ఆయనకు నేను, నాకు ఆయన.

ఆ ఎండాకాలం ఎమ్మిగనూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. పసిఫిక్ సముద్రంలో ఏదో చిన్న దీవిలో కొన్నేళ్లుండి, నలుగురైదుగురే మాట్లాడే భాషకు వ్యాకరణం రాశారట. ఒక ముసలామె చెప్పిన వాక్యాలు, పక్కన ఇంగ్లీషు అర్థాలు. గుంతకల్లు దాటి ఎరగని నేను ఆ దీవి మాటల్ని అక్షరం అక్షరం చూసి కొట్టేవాణ్ణి. పైన అసలు కాగితం, కింద రెండు కార్బన్ కాపీలు.

అన్నీ పడవలు, చేపలు, వాన. ఒకరోజు ఇలా వచ్చింది: "మా నాన్న గడప పక్కన పడుకున్నాడు." దాని కింద: "పిలిచాను. పలకలేదు."

నా చేతులు ఆగిపోయాయి. ఇదేం పిచ్చి అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా ఆ రెండో వరుస కొట్టలేకపోయాను. ఖాళీ కూడా ఉంచకుండా తర్వాతది కొట్టేశాను. టైపులో వరుస తప్పడం మామూలే, ఎవరూ అనుమానించరు.

మాస్టారు ఒక కార్బన్ కాపీ ఇంటికి తీసుకుపోయి దిద్దారు. "ఒక్క మాటా పోలేదప్పా, నీ సేతికి దండం పెట్టాల" అన్నారు. చూసుకోలేదులే అనుకుని ఊరుకున్నాను. అసలు ప్రతి విదేశానికి అచ్చుకు పోయింది. రెండో కార్బన్ కాపీ నా బీరువాలో ఉండిపోయింది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయాను. నాయన చాప మీద పడుకుని ఉన్నాడు.

"నాయనా, లెయ్యి, తిందాం" అని పిలిచాను. పలకలేదు.

పుస్తకం అచ్చై రావడానికి రెండేళ్లు పట్టింది. మాస్టారు దాన్నీ, తన పాత కార్బన్ కాపీనీ పట్టుకుని వచ్చారు.

"'పిలిచాను, పలకలేదు' అనేది ఈడ ఉంది, పుస్తకంలో లేదు. యాడ పోయిందప్పా? ఆ అవ్వ వాళ్ల నాయన సావు గురించి సెప్పింది ఈ ఒక్క మాటే. పుస్తకంలో పెట్టు అని నా సెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు ఆ అవ్వ కూడా లేదు."

నేను చేసింది చెప్పేశాను. ఆయన తన కాపీలోంచి ఆ కాగితం తీసి నా ముందు పెట్టారు.

ఆ వాక్యం ఉంది. మా మిషన్‌లో ఒక అక్షరం కాస్త పైకి ఎగిరి పడేది, ఆ వాక్యంలోనూ అలాగే పడింది. బీరువాలోని కాపీలో అదే పేజీ తీసి పక్కన పెట్టాం. నాదాంట్లో ఇరవై ఏడు వరుసలు. ఆయనదాంట్లో ఇరవై ఎనిమిది. రెండూ ఒకే దెబ్బకు పడిన కాగితాలు. మాస్టారికి టైపు రాదు. ఆ మిషన్‌ను నేను తప్ప ఎవరూ ముట్టరు.

ఆ వరుస ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. నేను దాన్ని వదిలేసినా మా నాయన చావు ఆగలేదు. ఆమె నాయనది మాత్రం పుస్తకంలోంచి నేనే తీసేశాను.