మున్నీ తలుపు తియ్యలేదు

అహల్య పేరు చెబితే దబీర్‌పురాలో చాలామందికి గుర్తు రాదు. శ్రీపాద పంతులుగారి బిడ్డ అంటే వెంటనే గుడి వెనక సందు చూపిస్తారు. కంచన్‌బాగ్‌లో ఒక ఆఫీసులో గుమస్తా. పగలు ఫైళ్లు చూస్తుంది, సాయంత్రం ఇంటికి వచ్చాక కథలు రాస్తుంది. నేను వసుధను, ఆమె పక్క టేబుల్ మనిషిని. ఆమెకు కోపం రాదు కాబట్టి ఆమె వంతు కోపం కూడా నేనే తెచ్చుకుంటాను.

'పన్నెండో దర్వాజా' అని ఒక వీడియో గేమ్ ఉంది. మన ఊళ్లోనే ఒక కంపెనీ తయారుచేసింది. ఒక కోట, దాని చుట్టూ దర్వాజాలు, బయట శత్రువులు. మొదటి భాగంలో మున్నీ అనే కాపలామనిషి వస్తుంది. ఆడేవాళ్లకు తలుపు తీసి, "పైలం బిడ్డా" అని జాగ్రత్త చెప్పి పక్కకు జరుగుతుంది. అంతే, మళ్లీ కనపడదు. ఆ గేమ్‌లోని పాత్రల మీద తెలుగులో నవలలు వేద్దామని కంపెనీకి బుద్ధి పుట్టినప్పుడు, ఏదో పత్రికలో అహల్య కథ చూసి పిలిచారు. రాజులనూ వీరులనూ పేరున్న రచయితలు పంచుకున్నారు. ఈమెకు మున్నీ మిగిలింది.

ఆ ఒక్క మాట మనిషికి అహల్య నిండు జీవితం ఇచ్చింది. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా, సొంత తమ్ముడు బయట నిలబడి ఏడ్చినా, మున్నీ శత్రువుకు తలుపు తియ్యదు. నవలంతా అదే. రోజూ పొద్దున కోటలోని జనం కోసం దర్వాజా తెరిచే ముందు ఆమె మూడుసార్లు చప్పట్లు కొడుతుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. శ్రీపాదగారు తెల్లవారుజామున గర్భగుడి తలుపు తీసే ముందు అలాగే కొడతారు. లోపల ఉన్నది దేవుడైనా సరే, చెప్పకుండా దూరిపోకూడదంటారు ఆయన.

నవల బాగా అమ్ముడుపోయింది. చదివినవాళ్లు మున్నీ బొమ్మలు గీసి పంపారు. కంపెనీ రెండో నవల అడిగింది, అహల్య రాసి ఇచ్చింది. అంతలో గేమ్ మూడో భాగం ట్రెయిలర్ వచ్చింది. మధ్యాహ్నం అన్నం తింటూ ఇద్దరం నా ఫోన్‌లో చూశాం. అందులో మున్నీ లంచానికి ఆశపడి శత్రువుకు దర్వాజా తెరుస్తోంది. తెరిచే ముందు మూడుసార్లు చప్పట్లు కొట్టింది.

అహల్య సగం తిన్న డబ్బాకు మూత పెట్టేసింది. మర్నాడు సెలవు పెట్టించి ఆమెను కంపెనీకి నేనే లాక్కుపోయాను.

అక్కడ కథల పని చూసే నందకిశోర్ మాకు చాయ్ తెప్పించాడు. బహదూర్‌పురాలో పెరిగాడట, మనం మనం ఒకటే అన్నట్టు నవ్వాడు.

"మేడమ్, నావెల్స్ కానన్ కాదు," అన్నాడు. వాళ్ల భాషలో కానన్ అంటే అసలు కథగా ఒప్పుకున్నది. "గేమ్‌ల ఏమైతదో గదే నిజం. బుక్స్ ఊకె ఫ్యాన్స్ కోసం. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి, రెండో బుక్కు గూడ తెస్తం. గేమ్ కథతోటి దీనికి సంబంధం లేదని కవర్ మీద ఒక్క లైన్ వేస్తం. మీరు ఒప్పుకుంటె చాలు."

"ఒప్పుకోకుంటె?" అంది అహల్య.

"బుక్కు రాదు. మున్నీ మా క్యారెక్టర్ గదా."

నాకు ఒళ్లు మండిపోయింది. "మొదటి బుక్కు మీద 'మున్నీ అసలు కథ' అని మీరే వేసిండ్రు గద?" అన్నాను.

"అది మార్కెటింగ్ మేడమ్."

అమ్ముకునేటప్పుడు అసలుది, అమ్ముడుపోయాక ఉత్తది. మార్కెటింగ్ అంటున్నప్పుడు అతని మొహంలో సిగ్గు కోసం వెతికాను. లేదు.

అహల్య నిదానంగా చెప్పింది. "మా గుళ్లె మూలవిరాట్టు బయటికి రాడు. ఊరేగింపుకు ఉత్సవమూర్తి వస్తడు. మంచాన పడ్డోళ్లు, గుడిదాక నడవలేనోళ్లు గుమ్మంల కూసొని ఆయనకే దండం పెడ్తరు. ఆ దండం లెక్కల రాదని మా బాపు ఎన్నడు అనలే."

"గదీ గిదీ ఒకటెట్లయితది మేడమ్?"

"సరే, కాదనుకుందాం. నా పుస్తకం లెక్కల రాదు. మరి ఆ చప్పట్లు ఏడికెళ్లి వచ్చినయ్? మీ పాత గేమ్‌ల లెవ్వు. నా పుస్తకంల తప్ప ఏడ లెవ్వు. అవి తీసెయ్యుండ్రి. మీరు అడిగిన లైన్‌కు ఇప్పుడే ఒప్పుకుంట."

నందకిశోర్ చాయ్ కప్పులోకి చూశాడు. "ట్రెయిలర్ బయటికి పోయింది మేడమ్. జనానికి మస్తు నచ్చిందే గది."

అహల్య లేచింది. ఆమె చాయ్ అలాగే ఉండిపోయింది. రెండో నవల రాలేదు, ఇక రాదు కూడా. తిరిగివచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి, "నా బుక్కు పోతె పోనీ వసుధా. ఆమెను దొంగను చేసిండ్రు," అంది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు.

గేమ్ విడుదలైంది. పెద్ద హిట్టు అన్నారు. ఆ తర్వాత ఒక శనివారం పొద్దున అహల్యతో పాటు గుడికి వెళ్లాను. శ్రీపాదగారు గర్భగుడి ముందు నిలబడి, మూడుసార్లు చప్పట్లు కొట్టి తలుపు తీశారు. మా పక్కన, మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న ఒక అమ్మాయి కిసుక్కున నవ్వింది.

"అయ్యగారూ, మీరు గూడ 'పన్నెండో దర్వాజా' ఆడుతరా? గీ చప్పట్లు మున్నీవి గదా."

అహల్య తల దించుకుంది. ఆ చప్పట్లు ఆయనవి, ఆయన తండ్రివి, ఆ పైవాళ్లవి. ఆయన సొమ్ము ఆయన గుడిలోనే కంపెనీ పేరున చలామణి అవుతోంది. కడిగేద్దామని నేను నోరు తెరిచాను. శ్రీపాదగారు తాళంచెవి ఉన్న చెయ్యి ఎత్తి నన్ను ఆపారు. ఆయన గేమ్ ఎప్పుడూ చూడలేదు. కూతురు రాసిన నవల మాత్రం చదివారు.

"ఆడను బిడ్డా. కాని నువ్వన్నది నిజమే, మున్నీవే. మా అమ్మాయి రాసింది," అన్నారు. తర్వాత తీర్థం గిన్నె అందుకుని, చెయ్యి పట్టమన్నట్టు ఆ అమ్మాయి వైపు చూశారు. "ఇంకొకటి యాదుంచుకో. మున్నీ తలుపు తియ్యలే."