పైఇంటి టీవీలో నా డ్యాన్సు పాఠం

నిన్న సాయంత్రం పదహైదు మంది ఆడోళ్ల ముందర నా పరువు ఎట్ల పోయిందో చెప్తా, వినండప్పా. టీ గ్లాసు మాత్రం గట్టిగా పట్టుకోండి!

మాది పురసవాక్కంలో మిద్దె ఇల్లు. కింద నేను, మా ఆవిడ సుజాత. పైన అరవోళ్లు, మంగళం మామి వాళ్లు. నాకు జార్జి టౌన్‌లో పేపర్ హోల్‌సేల్ అంగడి. కానీ మా వీధిలో టీవీ, ఫోన్, వై-ఫై, దేనికి రోగమొచ్చినా డాక్టర్ని నేనే. ఎవరూ అడగకపోయినా నేనే!

పోయిన నెల రెండిళ్లకీ కేబుల్ పీకించినా. మిద్దె మీద ఉచిత చానళ్ల డిష్ ఒకటి, మిగతాదంతా ఇంటర్నెట్. రెండిళ్లకీ కలిపి ఒకే వై-ఫై. రెండు టీవీలూ ఒకే రోజు, ఒకే అంగట్లో కొన్నవి. అంతటితో ఊరుకున్నానా? మామికి ఒక లెక్చర్ కూడా ఇచ్చినా.

"మామీ, ఈ స్మార్ట్ టీవీలు మనం ఏం చూస్తామో కనిపెడుతుంటాయి. మన టీవీలో ఏముందో మూడో మనిషికి తెలీకూడదు. ప్రైవసీ ముఖ్యం!"

టీవీ కింద చిన్న నల్ల కన్నులాంటిది కనిపిస్తే కెమెరా అనుకోని, రెండు టీవీలకీ సుజాత బొట్టుబిళ్లలు అంటించినా. రెండు రోజులు రిమోట్ పనిచెయ్యలా. తీరా చూస్తే అది రిమోట్ కోసం పెట్టిన కన్నంట! సెరి, అది వదిలేయండి.

వచ్చే నెల మా బావమరిది కూతురి పెళ్లి. సంగీత్ అంట, మొగుడూపెళ్లాలు జంటగా ఆడాలంట. "మీరు మూల కూర్చోని చప్పట్లు కొట్టండి, చాలు" అనేసింది సుజాత. నవ్వతానే అన్నింది గానీ నాకు సుర్రుమనింది. దొంగతనంగా నేర్చుకోని, పెళ్లిలో ఆమె నోరు తెరిచేట్టు ఆడాలని పట్టుబట్టినా.

నిన్న నవరాత్రి పేరంటానికి మామి ఇంట్లో బొమ్మల కొలువుకి పోయింది సుజాత. ఇంతకంటే మంచి టైం దొరకతాదా? తలుపేసినా. టీపాయ్ పక్కకి జరిపినా. లుంగీ ఎగ్గట్టినా. ఫోన్‌లో 'యాభై దాటిన మగవాళ్లకి డ్యాన్స్, మొదటి పాఠం' అని ఒక గుండు మాస్టర్ వీడియో దొరికింది. ఫోన్‌లో బొమ్మని టీవీకి పంపే గుర్తు నొక్కితే, ఒకే పేరుతో రెండు టీవీలు కనిపించినాయి. రెండోది ఏదో పాతదిలే అనుకోని పైదాన్ని నొక్కినా.

నా టీవీ నల్లగానే ఉండాది. సౌండ్ పెంచినా. ఇంకా పెంచినా. ఫుల్లు పెట్టినా. ఊహూఁ! పైనించి మాత్రం దడదడమని పాట. 'ఏంది ఈ మామి, కొలువు దగ్గర ఇట్లాంటి పాటలా పెట్టేది?' అని తిట్టుకున్నా కూడా!

వీడియోలోనే ఏదో లోపం ఉండాదని ఆ మాస్టర్‌దే ఇంకోటి పెట్టినా. 'పొట్ట ఉన్నా నడుం తిప్పడం ఎలా?' అదీ రాలా. 'భార్యని ఆశ్చర్యపరిచే అయిదు స్టెప్పులు' పెట్టినా.  పైన ఒక్కసారిగా మిద్దె ఎగిరిపొయ్యేట్టు నవ్వులు. విసుగొచ్చి వీడియో ఆపేసినా.

అంతలో మామి ఫోన్. "సార్, సీక్రం పైకి రండి! మా టీవీని ఎవరో హ్యాక్ చేసేసినారు!"

హ్యాక్ అనే మాట వినబడితే నేను నిలబడతానా? రెండేసి మెట్లు ఎక్కి పోయినా. హాల్లో పదహైదు మంది పట్టుచీరలు, చేతుల్లో శెనగల సుండల్ దొన్నెలు. దశావతారం బొమ్మల పక్కన టీవీలో నా గుండు మాస్టర్! నడుం ఒక పక్కకి తిప్పి, అట్లే ఆగిపోయి ఉండాడు.

నాకు అప్పుడర్థమైంది. నేను నొక్కింది మామి టీవీని! కానీ మొహం మాత్రం గంభీరంగా పెట్టి, "ఇది విదేశీ హ్యాకర్ల పని మామీ. చాలా డేంజర్. ఎవరూ టీవీని ముట్టుకోవద్దు" అన్నా.

మామి రెండు చేతులూ జోడించింది. సుజాత మాత్రం నన్ను పైనించి కింది దాకా చూసింది. చెమటలు కారతా ఉండాయి. లుంగీ ఎగ్గట్టే ఉండాది. చేతిలో ఫోన్.

"ఏమండీ, ఈ విదేశీ హ్యాకర్ లుంగీ కడతాడా?"

"ఏమో, కడతాడేమో!"

"ఆ ఫోన్ ఇట్లివ్వండి."

తీసుకోని నొక్కింది. టీవీలో మాస్టర్ నడుం రెండో పక్కకి తిరిగింది!

ఇంక చూడండి, ఒకామె సుండల్ దొన్నె కింద పడేసింది. ఒకామె నవ్వలేక సోఫా మీద ఒరిగిపోయింది. "సార్, ప్రైవసీ, ప్రైవసీ అని చెప్పి, మీ క్లాసు మా ఇంట్లో నడిపిస్తారా?" అని మామి కళ్లు తుడుచుకుంటా అడిగింది.

నేల చీలిపోతే బాగుండు అనుకుంటా నిలబడినా. సుజాత దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"అయిదు స్టెప్పులూ నాకోసమేనా?"

"ఒకటి కూడా రాలేదు" అన్నా.

పకపకా నవ్వి నా చెయ్యి పట్టుకునింది. మామి కుర్చీలు జరిపించింది. కొలువు ముందర, అందరి చప్పట్ల మధ్య, ఇద్దరం మొదటి పాఠం మొదలుపెట్టినాం. నేను రెండుసార్లు సుజాత కాలు తొక్కినా. ఆమె మూడుసార్లు తొక్కింది. అది లెక్కలోకి రాదంట!

ఈ పొద్దు నేను అంగడికి బయల్దేరతా ఉంటే మామి మెట్లు దిగొచ్చింది. "సార్, మా వాళ్లందరూ అడగమన్నారు. రేపటి క్లాసు ఎన్ని గంటలకి?"

టీవీ డాక్టరనే పేరు కోసం ఇరవై ఏండ్లు పాటుపడినా. ఒక్క సాయంత్రంలో డ్యాన్స్ మాస్టర్నయిపోయినా. అదీ, మొదటి పాఠం కూడా పాస్ కాని మాస్టర్ని!