పాట కింద వినిపించిన గొంతు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. బోధన్‌లో ఫోటోలు, పెళ్లి వీడియోల మిక్సింగ్ నా పని. ఫోటోలో వెనకాల ఎవరో తెల్లగా నిలబడ్డారని వణుకుతూ వచ్చినవాళ్లను ఎందరినో చూశాను. ఫ్లాష్ వెలుగు అద్దానికి తగిలి తిరిగొచ్చిందని చూపించి, చాయ్ తాగించి పంపేవాణ్ని. ఇది చదివి మీరు నన్నూ అలాగే పంపేసినా నేనేమీ అనుకోను.

నా భార్య సుగుణ పెళ్లిళ్లలో నా పక్కన లైటు పట్టుకునేది. "అక్కా, జర తల లేపు", "అవ్వా, గిటు సూడు" అంటూ ఆడవాళ్లందర్నీ కదిలించేది ఆమే. ఇంకో పని కూడా ఆమెదే. చెరకు ఊళ్లలో పొలాల మోటార్లన్నీ ఒక్కసారి ఆగితే కరెంటు ఎగదన్నేది. బల్బు కాస్త తెల్లబడగానే సుగుణ కనిపెట్టి, "ఇగో, బందు చెయ్యి" అనేది. కెమెరాలోంచి కన్ను తీయకుండానే నా కాలి దగ్గరున్న స్విచ్చు ఆపేవాణ్ని. మాకు ఒక్క లైటు కూడా పేలలేదు.

ఒక వానాకాలం జ్వరమొచ్చి, వారం తిరక్కుండానే ఆమె పోయింది. నేను ఏడవలేదు. ఏడిస్తే మంచిదని చుట్టాలు చెప్పారు. సరేనన్నాను. అన్నం పెడితే తిన్నాను, దుకాణం తెరిచాను, మూశాను. లోపల ఏదీ కదల్లేదు.

మా పనిలో ఒక అలవాటుంది. పెళ్లి వీడియోలో అసలు శబ్దం తీసేసి మొదటినుంచీ చివరిదాకా పాటలు వేస్తాం. మాటలూ గోలా వినబడితే గిరాకీలకు నచ్చదు. మిక్సింగ్ కాగానే అసలు రికార్డింగు చెరిపేస్తాం, అదే క్యాసెట్ మీద ఇంకో పెళ్లి ఎక్కిస్తాం. అన్నేళ్లు సుగుణ మాట్లాడిన మాటలన్నీ అలా పాటల కింద పోయాయి. మిక్సింగ్ చెయ్యకుండా కంప్యూటర్లో మిగిలింది చందూర్ అనే ఊళ్లో తీసిన ఒక్క పెళ్లే. ఆమె చివరిసారి లైటు పట్టింది అక్కడే. ఆమె గొంతు అందులో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ కంప్యూటర్ డిస్కు, పాడయ్యే ముందులాగా, టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది.

నిజామాబాద్ వెళ్లి, నాకు కంప్యూటర్ అమ్మిన సలీం దుకాణంలో కూర్చుని, ఆ పెళ్లిని ఎందులోకి ఎక్కించి దాచుకోవాలో అడిగాను. సీడీల మీద గీతలు పడతాయి. వైరుతో తగిలించే చిన్న డిస్కు ఒక్కసారి బల్ల మీంచి జారితే అయిపోయినట్టే. సలీం ఒక నల్లటి పెట్టె తీసి ముందు పెట్టాడు.

"ఇంట్ల నెట్‌వర్క్‌కు తగిలిస్తే ఏ కంప్యూటర్‌ల నుంచైనా తెర్వొచ్చన్నా. లోపల రెండు డిస్కులుంటయ్. ఒకదాంట్ల పడ్డదే ఇంకోదాంట్ల గూడ పడ్తది. ఒకటి పోయినా ఇంకోటి ఉంటది, ఫికర్ లేదు."

ఇద్దరిలో ఒకరు పోగా మిగిలినవాణ్ని, ఆ మాట నాకు తగలాలి. తగల్లేదు. పెట్టె తీసుకుని బస్సెక్కాను.

మర్నాడు మధ్యాహ్నానికి అన్నీ పెట్టెలోకి చేరాయి. సరిగ్గా పడ్డాయో లేదో చూడాలి కదా. చందూర్‌ది తెరవడానికి ధైర్యం చాలక, ఎప్పుడో వర్ణి అనే ఊళ్లో తీసి మిక్సింగ్ చేసిన పెళ్లి తెరిచాను. అప్పగింతలు నడుస్తున్నాయి. పాట వస్తోంది.

"ఇగో, బందు చెయ్యి."

పాట కింద నుంచి, మెల్లగా, అచ్చం సుగుణ. నేను ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే పోయి పెట్టె ప్లగ్గు పీకేసింది. ప్లగ్గు ఇంకా చేతిలో ఉండగానే పైన ఫ్యాను రయ్యిమని తిరిగింది. కంప్యూటర్లో ఏదో పేలి కాలిన వాసన వచ్చింది. వీధిలో అరుపులు. మా వరుసలో టీవీలన్నీ పోయాయి. స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగి కరెంటు ఎగదన్నిందని లైన్‌మన్ తర్వాత చెప్పాడు.

కాలిన కంప్యూటర్నీ పెట్టెనూ సలీం దగ్గరికి మోసుకుపోయాను. పాత డిస్కు చూసి ఖతం అన్నాడు. పెట్టెను తన కంప్యూటర్‌కు తగిలిస్తే చందూర్ పెళ్లి భద్రంగా ఉంది.

"నసీబున్నదన్నా. రెండు డిస్కులున్నా పెట్టె ఒక్కటే, ప్లగ్గు ఒక్కటే. పీకకపోతే రెండూ ఒక్కసారే పోతుండె."

వర్ణి పెళ్లి అక్కడే మళ్లీ పెట్టించాను. పాట తప్ప ఏమీ లేదు. వర్ణి వెళ్లి వాళ్ల సీడీ కూడా అడిగి చూశాను. పాటే. బల్బు తెల్లబడటం ఓరగా చూసి, అలవాటుకొద్దీ ఆ మాట నాకే వినిపించి ఉంటుందని సర్దిచెప్పుకోబోయాను. కానీ ఆ మధ్యాహ్నం ఆ గదిలో బల్బేదీ వెలగడం లేదు.

కొన్నాళ్లకు వీడియో కోసం చందూర్ నుంచి పెళ్లికూతురు తండ్రి వచ్చాడు. ఇక తప్పించుకోలేక పెట్టె తెరిచాను. పాటలు వెయ్యలేదని ముందే చెప్పాను.

"పాటల్లేకుంటే పెండ్లి లెక్క ఉంటదా బిడ్డా?" అన్నాడు.

అప్పగింతల దగ్గర ఆయన కూతురి ఏడుపు వినిపించింది. ఆయన కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు. ఆ ఏడుపు మీదుగా లైటు పక్కనుంచి సుగుణ, "ఏడ్వకు చెల్లె, గిటు సూడు" అంది.

నాకు అప్పుడు వచ్చింది ఏడుపు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఏడ్చాం. "గిట్లనే ఉంచు," అని ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఆ పెళ్లి మొత్తం విన్నాను. బందు చెయ్యమని ఆమె అందులో ఒక్కసారి కూడా అనలేదు. మరి ఆ రోజు నాకు వినిపించింది ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు.

కరెంటు ఎగదన్నినా పెట్టెకు తగలకుండా యూపీఎస్ పెట్టించాను. అయినా ఫ్యాను కాస్త వేగంగా తిరిగితే చెయ్యి ప్లగ్గు మీదికి పోతుంది. కానీ "ఇగో, బందు చెయ్యి" అని మళ్లీ వినిపిస్తుందేమోనని కాసేపు పీకకుండా ఆగుతాను.