తెగని తెమడ

జ్వరం వారం రోజుల్లో పోయింది. తెమడ మాత్రం నా గొంతులో కిరాయికి దిగింది. కిరాయిదారుల సంగతి నాకు తెలియనిది కాదు. దేవరకొండలో ఒక ఇంటి పక్కగదిలో నేనూ కిరాయికే ఉంటున్నాను. కాకపోతే నేను ఇంటివాళ్లను అడిగి దిగాను.

ఆ ఏడు వానలు వెనకపట్టు పట్టే వేళకు ఊరంతా ఒకటే జ్వరాలు. నాకూ వచ్చింది. నాలుగు రోజులు తలుపు దగ్గరగా వేసుకుని పడుకున్నాను. పాలప్యాకెట్టు, బ్రెడ్డు, రెండు రకాల గోలీలు, అంతే నా సంసారం. ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను గానీ, తలుపు మూసుకుని పడుకున్నవాణ్ణి ఎవరు అడుగుతారు? నాకు అంత తెలివి ఆ నాలుగు రోజుల్లో రాలేదు, ఆ ముందు అరవై ఏళ్లలోనూ రాలేదు.

ఒళ్లు తేలికపడింది, ఆకలి వచ్చింది, కాళ్లలో వణుకు తగ్గింది. గొంతులో మాత్రం ఏదో అతుక్కుని ఉండిపోయింది. మింగితే దిగదు, ఉమ్మితే రాదు. గొంతు గీరుకుని సకిలిస్తే కాస్త జరిగి, నేను ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ తన జాగాలోకే వచ్చి కూర్చుంటుంది. మిరియాల కషాయం తాగాను. పసుపు వేసిన పాలు తాగాను. గిన్నెలో నీళ్లు మరగబెట్టి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టాను, కళ్లద్దాలు తీయడం మరిచి. ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ అద్దంలో నన్ను నేను చూసుకుంటే నాకే నవ్వొచ్చింది, మళ్లీ కోపమూ వచ్చింది. ఒంట్లో ఇంత పెద్ద జ్వరాన్ని తోలేసినవాణ్ణి, చిటికెడు తెమడ చేతిలో ఓడిపోవడమేమిటని.

నేను దస్తావేజులు రాసేవాణ్ణి. పొద్దున రిజిస్ట్రీ ఆఫీసు ముందు బల్ల దగ్గర కూర్చుని, మధ్యాహ్నానికి గదికి వచ్చేస్తాను. కరోనా వచ్చి పోయినప్పటి నుంచి మనుషులకు దగ్గు వినబడితే చాలు, కుర్చీ వెనక్కి జరుగుతుంది. నేను చేను సరిహద్దులు చదివి వినిపిస్తూ తూర్పు దగ్గర ఒకసారి, పడమర దగ్గర ఒకసారి సకిలించేసరికి పార్టీవాళ్లు, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ, పక్క బల్ల వైపు చూడటం మొదలుపెట్టారు. అదీ సర్దుకున్నాను. ఆఫీసు మనుషులు ఆఫీసు మనుషులే. నా ప్రాణం మీదికి వచ్చింది ఇంటి వాకిట్లో.

ఆ వాకిలి సంగతి చెప్పాలి. నా గది తలుపు ఇంటివాళ్ల వాకిట్లోకే తెరుచుకుంటుంది. వీధిలోకి పోవాలన్నా, స్నానాల గదికి పోవాలన్నా అది దాటాల్సిందే. ఇంట్లో ముసలమ్మ, కొడుకు, కోడలు. కొడుకు పొద్దంతా బోరు కింద సాగే చెలకలోనే ఉంటాడు. గదిలో దిగిన రోజే ముసలమ్మను నేను అక్కా అన్నాను, ఆమె నన్ను తమ్మీ అంది. ఆ ఒక్క పిలుపుతో ఆమె కొడుకుకు నేను మామనైపోయాను, మొగుడి వెంట కోడలికీ మామనే. మామ ఎదురుపడితే కోడలు లేచి నిలబడాలి, కొంగు సరిచేసుకోవాలి. కాబట్టి మగవాడు ఆడవాళ్లు కూర్చున్న చోటికి వచ్చేముందు ఒకసారి సకిలించాలి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. నేను రెండేళ్లుగా తలుపు వెనక నిలబడి ఒకసారి సకిలించి, అయిదు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు తలుపు తీసేవాణ్ణి. బయటికి వచ్చేసరికి చాచిన కాళ్లు ముడుచుకుని ఉండేవి, కోడలు గోడవారగా నిలబడి ఉండేది. నేను తల వంచుకుని దాటిపోయేవాణ్ణి.

మా ఆవిడ ఉన్న రోజుల్లో, కల్వకుర్తిలో, నేను సాయంత్రం గేటు దగ్గర సకిలిస్తే లోపలి నుంచి ‘ఆఁ’ అనేది. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. వంటింట్లో ఉన్నా, పెరట్లో ఉన్నా ఆ ‘ఆఁ’ వచ్చేది. మాకు పిల్లలు లేరు. ఆమె పోయాక ఆ ఇంట్లో ఉండలేక ఈ ఊరికి వచ్చాను. సొంత గదిలోకి పోయేటప్పుడు సకిలించాల్సిన పని లేదు కదా. మొదట్లో తాళం తీస్తూ అలవాటుగా సకిలించి, లోపలి నిశ్శబ్దం విని సిగ్గుపడేవాణ్ణి.

చలికాలపు యాసంగి పంటకు పల్లి వేసే ముందు ఆ వాకిట్లో కాయ ఒలుస్తారు. మిషన్లో వేస్తే గింజ మీది పొర చిట్లిపోతుందని విత్తనానికి చేత్తోనే ఒలుస్తారు. మధ్యాహ్నం పూట ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి, కాయ రాశి చుట్టూ కాళ్లు చాపుకుని కూర్చుంటారు. టపటపమని కాయ పగిలే చప్పుడు, దాని మీద ముచ్చట్లు. నేను కిటికీ దగ్గర మంచమ్మీద పేపరు అడ్డం పెట్టుకుని పడుకునేవాణ్ణి. పేపరు చదివేవాణ్ణి కాదని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. ఆ మాటల కోసమే ఆఫీసు నుంచి తొందరగా వచ్చేవాణ్ణి. రోజు మొత్తంలో మనుషులు మనుషుల్లా మాట్లాడుకోవడం నేను వినేది ఆ రెండు మూడు గంటలే.

ఆ ఏడు నడుస్తున్న కథ ఎదురింటామె ఆడబిడ్డది. మొగుడితో కొట్లాడి పుట్టింటికి వచ్చేస్తూ, పెళ్లప్పుడు తండ్రి ఇచ్చిన బర్రెను కూడా తోలుకొచ్చేసింది. రోజుకింత వింటున్నాను. ఒకరోజు ఎదురింటామె, "గా బర్రె నిన్న ఈనింది. ఇగ దుడ్డె ఎవరిదంటే..." అన్నది. సరిగ్గా అప్పుడే నా గొంతులో తెమడ కదిలింది. ఆపుకున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆగలేదు, సకిలించాను.

వాకిట్లో చప్పుడు ఆగిపోయింది. గాజుల గలగల, చీరల సవరింపు. కోడలు లేచి నిలబడ్డట్టుంది. వాళ్లు నా తలుపు తెరుచుకోవడం కోసం చూస్తున్నారు. నేను లోపల మంచమ్మీద బిగుసుకుపోయి ఉన్నాను. కాసేపటికి మళ్లీ కూర్చున్నారు. ఒకటి రెండు కాయలు పగిలాయో లేదో నేను మళ్లీ సకిలించాను. మళ్లీ లేచారు.

అట్లా ఆ మధ్యాహ్నమంతా నడిచింది, మర్నాడూ నడిచింది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. దిండులో మొహం పెట్టి సకిలించాను, అది ఇంకా వికారంగా వినబడింది. కిటికీలోంచి ‘రావడం లేదమ్మా, మీరు కూర్చోండి’ అని ఒక్క మాట అంటే పోయేది. అంటే ఇన్నాళ్లూ కిటికీ దగ్గర కూర్చుని మీ మాటలు వింటున్నానని ఒప్పుకున్నట్టే కదా. అదొక్కటే అడ్డం వచ్చింది. బింకం నాకు పుట్టుకతో వచ్చిన తెమడ.

మూడో రోజు నేను వచ్చేసరికి వాకిలి ఖాళీగా ఉంది. కాయ బస్తాలు, చాటలు, ఆడవాళ్లు అన్నీ ఎదురింటి అరుగు మీదికి పోయాయి. నాలుగు పల్లికాయ డొల్లలు గాలికి వాకిట్లో దొర్లుతున్నాయి. దూరం నుంచి నవ్వులు వినబడుతున్నాయి గానీ మాటలు అందడం లేదు. ఇక ఎంతసేపైనా సకిలించుకోవచ్చు, అడ్డమెవరూ లేరు. గొంతు చించుకుని సకిలించాను. మా ఆవిడ పోయిన తర్వాత నేను అంత ఒంటరిగా ఉన్న రోజు అదే. ఆ మాట ఎవరితోనూ అనలేదు, అనడానికి ఎవరున్నారు?

రెండు రోజులు గడిచాక ముసలమ్మ నా తలుపు తోసుకుని వచ్చింది. కొంగు నడుముకు దోపి ఉంది.

"ఏంది తమ్మీ, నీకేమన్న కోపమా మా మీద? మా ముచ్చట్లు గిట్టకపోతే నోరు తెరిచి చెప్పరాదు?"

"కోపమేంది అక్కా?"

"మరి గా సకిలిచ్చుడేంది? నువ్వు సకిలిస్తవు, వస్తున్నవని పోరి లేస్తది. నువ్వు రావు. అది కూసుంటది, మల్ల సకిలిస్తవు. దానికి ఆరో నెల. లేసుడు కూసుడుకు నడుములు పోతున్నయని ఏడుస్తాంది. మమ్ముల లేవగొట్టనీకి కాకపోతే ఇంకేంది?"

కోడలికి ఆరో నెల అన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. రెండేళ్లుగా తల వంచుకుని దాటిపోయేవాడికి ఏం తెలుస్తుంది? నాకు సిగ్గేసింది. మాట కోసం నోరు తెరిస్తే తెమడ అడ్డం పడింది. సకిలించాను. ఆమె ఎదురుగానే, ఒకటికి నాలుగుసార్లు. అప్పుడు చూసింది ఆమె నా మొహం.

"తెమడ అక్కా," అన్నాను. "జరం వచ్చి పోయింది. ఇది పోతలేదు."

"జరమా? ఎప్పుడొచ్చింది?"

"వినాయకచవితి అయినంక. నాలుగు దినాలు పన్న."

ఆమె మంచం పట్టె మీద కూలబడింది. కోపం తగ్గలేదు, ఇంకో వైపు తిరిగింది.

"నాలుగొద్దులు పంటివా? నా ఇంట్ల? గోడకు ఇవుతల నేనుంటి గదా. జర గంజి కాసియ్యకపోదునా? అక్క అని ఒర్లుడెందుకు మరి, నోటికి సక్కగుంటదనా?"

తిట్లు తింటూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఎంతో హాయిగా ఉంది. నన్ను ఒకరు తిట్టి మూడేళ్లయింది.

లేచి పోతూ ఆమె వాకిట్లో నిలబడి, వీధంతా వినబడేలా తీర్పు చెప్పింది. "ఏయ్, ఇటు రాండ్రి! మీ మామది తెమడ. సకిలిస్తే ఎవ్వరు లేవకుండ్రి. నిజంగ బయటికొస్తే గొళ్లెం కొడతడు. గొళ్లెం మోగితెనే లేవుండ్రి." నా వైపు తిరిగి, "రేపు నల్గొండ పో, పెద్ద దవాఖానల సూపియ్యి," అంది.

మర్నాడే కాయ బస్తాలు మా వాకిట్లోకి తిరిగి వచ్చాయి. నేను సకిలిస్తే ఒక్క గాజు కదల్లేదు. ధైర్యం వచ్చి గొళ్లెం కొట్టి, తలుపు తీసి, గడపలోనే నిలబడి అడిగాను. "ఇంతకు దుడ్డె ఎవరికి పోయిందమ్మా?"

ఎదురింటామె నవ్విన నవ్వుకు చాటలోని పల్లీలు ఒలికాయి. "ఇంటున్నవా మామా! దుడ్డె మా ఇంట్లనే ఉంది. బర్రెను అల్లుడొచ్చి తోల్కపోయిండు. బర్రె లేక ఉండలేక మా ఆడబిడ్డ గూడ దానెనకనే పోయింది."

నల్గొండలో గొంతు డాక్టరు చిన్నపిల్ల. లైటు వేసి చూసి, లోపల పుండు లేదు, భయం లేదు అంది. జ్వరానికి గొంతు పొర ఒరుసుకుపోయిందనీ, సకిలించినకొద్దీ ఇంకా ఒరుసుకుంటుందనీ, ఒరుసుకున్నకొద్దీ తెమడ ఊరుతూనే ఉంటుందనీ చెప్పింది. సకిలించాలనిపించినప్పుడల్లా ఒక గుక్క నీళ్లు తాగమంది. అంతే మందు. "ఇంట్లో ఎవరైనా ఉన్నారా, గుర్తు చేయడానికి?" అని అడిగింది. "అక్క ఉంది," అన్నాను. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఆ మాటను మనసులో రెండు మూడుసార్లు అనుకుని చూసుకున్నాను.

నీళ్ల చెంబు పక్కన పెట్టుకుని తిరిగాను. తెమడ ఒక్కరోజులో పోలేదు. కాయ ఒలవడం అయిపోయింది, విత్తనం పడింది, దీపావళి వెళ్లింది. గంటకు పదిసార్లు సకిలించేవాణ్ణి, పూటకు పదిసార్లకు దిగాను. తర్వాత ఒక పొద్దున లేచి టీ పెట్టుకుంటూ గమనించాను. గొంతులో ఏమీ లేదు. మింగి చూశాను, మళ్లీ మింగి చూశాను. గొంతు ఖాళీ. ఎవరికైనా చెప్పాలనిపించి వెనక్కి తిరిగాను, గదిలో ఎవరూ లేరు. వాకిట్లోనూ పని అయిపోయింది కాబట్టి ఎవరూ లేరు.

ఆ రోజు ఆదివారం. ఆఫీసు లేదు, వంట చేసుకోబుద్ధి కాలేదు. మంచమ్మీద పడుకుని ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు. పొద్దు వాలుతుండగా నా తలుపు దబదబ మోగింది. అక్క అనుకున్నాను. కాదు, కోడలు. రెండేళ్లలో నా తలుపు ఎప్పుడూ తట్టని పిల్ల, లేచి నిలబడటం తప్ప నాతో మాట్లాడని పిల్ల, గడప అవతల ఒక చేయి పొట్ట మీద పెట్టుకుని రొప్పుతోంది.

"మామా! ఏమైంది మామా? పొద్దుగాల సంది సప్పుడే లేదు. సకిలిస్తలేవు, గొళ్లెం కొడతలేవు. అత్తమ్మ చెల్కకు పోయింది. నాకు కాళ్లు సేతులు ఆడలే!"

"ఏం కాలేదమ్మా. తెమడ తగ్గింది. అంతే."

"తగ్గిందా?" అంది. సంతోషించాలో ఏం చేయాలో ఆ పిల్లకు తోచలేదు. కళ్లు తుడుచుకుంది. "మంచిదే మామా. గని జర సప్పుడు జెయ్యి," అని పోయింది.

తలుపు తెరిచే ఉంచి చాలాసేపు కూర్చున్నాను. నేను కనబడకపోతే కాళ్లు చేతులు ఆడని మనిషి ఒకరు గోడ అవతల ఉన్నారని నాకు తెలియదు. నన్ను నలుగురికీ దూరం చేసిందని నేను రోజూ తిట్టుకున్న ఆ చప్పుడునే, ఆ పిల్ల రోజంతా చెవి ఒగ్గి వెతుక్కుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే లేచి, టీ నీళ్లు పొయ్యి మీద పెట్టి, తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను. గొంతులో ఏమీ లేదు. డాక్టరు వద్దన్న పనే. అయినా ఒకసారి గట్టిగా సకిలించాను.

వాకిట్లో చీపురు చప్పుడు ఆగింది.

"ఆఁ," అంది కోడలు.