గట్టిగా పాడినందుకు

దోహా నుంచి తిరిగి వచ్చే రోజు, అల్ సద్‌లో నేను దిగిన హోటల్ వాళ్ళ కార్లో విమానాశ్రయానికి బయలుదేరాను. పక్క సీట్లో ఒక కెన్యా ఆవిడ కూర్చుంది. డ్రైవర్ మల్లేశ్‌ది జగిత్యాల దగ్గర పల్లె.

"ఈ మేడం మన హోటల్ల పాటలు పాడేది సార్. నౌకరి తీసేసిండ్రు," అన్నాడు, ఆమెకు తెలుగు రాదన్న ధైర్యంతో.

ఆవిడ నైరోబీ చర్చిలో, గుండె లోతుల్లోంచి గొంతెత్తి పాడే సోల్ పాటలు నేర్చుకుందట. మొదట పెళ్ళిళ్ళలో పాడింది, పదకొండేళ్ళుగా గల్ఫ్ హోటళ్ళలో పాడుతోంది.

"మా చర్చిలో మెల్లగా పాడితే, దేవుడి దగ్గర ఏం దాస్తున్నావని అడుగుతారు," అంది ఇంగ్లీషులో. "ఇక్కడ మేనేజరేమో చెంచాల చప్పుడు కంటే గొంతు పైకి పోవద్దన్నాడు."

ఆ మాట నేను తెలుగులో చెబితే మల్లేశ్ నవ్వలేదు.

"మా దిక్కు ఒగ్గు కథోళ్లు మెల్లగ పాడితే జనం లేచిపోతరు సార్. ఈడ ఉల్టా. మొన్న సోమారం ఎవడో తినుకుంట కంప్లైంట్ ఇచ్చిండట. అది మూడోది. యల్లా, ఇగ నడువు అని టికెట్ చేతుల పెట్టిండ్రు."

ఆ ఎవడో నేనే. సోమవారం మధ్యాహ్నం భోజనం చేస్తూ ఫోన్ మాట్లాడుతున్నాను. వెయిటర్‌ని పిలిచి, ఆ గోల కాస్త తగ్గించమన్నాను. పాడుతున్నది ఎవరో తలెత్తి చూడనైనా లేదు.

విమానాశ్రయం దగ్గర పడుతుండగా ఆవిడ నా వైపు తిరిగింది.

"మీరు మా హోటల్లోనే ఉన్నారుగా, నా పాట విన్నారా?"

"లేదు," అన్నాను.

నిజమే. వినలేదు.