ఇంటికొక మనిషి

మా ముత్తాత నారాయణఖేడ్ చుట్టుపక్కల ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత కోటలాంటి మా ఇంట్లో, అదే గడిలో, కూర్చుని తగవులు తీర్చేవాడు. సిర్గాపూర్ నుంచి నాగల్‌గిద్ద దాకా ఆయన మాట దాటినవారు లేరని ఇంట్లో చెప్పుకొనేవారు. మా నాన్న నాటికి భూములు పోయి గడి మిగిలింది. నా చేతికి వచ్చేసరికి దాని కప్పు కారుతుండేది.

ఎనభైలలో ఒక చలికాలం హైదరాబాదు నుంచి ఒక చిత్రకారిణి వచ్చింది. మా పెద్దహాలులో ప్రదర్శన పెడతానంది. బొమ్మలేవీ తేలేదు. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, పక్కన ఒక బోర్డు పెట్టింది: ‘ఇష్టముంటే కూర్చో. ఎదుటి మనిషిని ఒక మాట అడుగు. ఇష్టం లేకపోతే వెళ్లిపో.’

“ఇంతేనా?” అన్నాను.

“ఇంతే. మనిషి ఎప్పుడు తన ఇష్టంతో కూర్చుంటాడు, ఎప్పుడు బలవంతాన కూర్చుంటాడు, కూర్చున్నాక ఏం మాట్లాడతాడు, అది చూడాలి.”

చూడాలని నాకూ అనిపించింది. పైగా, జనం తమంతట తాము వస్తే ఆమెను పంపిన కళాసంస్థ హాలును ఏటా అద్దెకు తీసుకుని కప్పు వేయిస్తుంది. లేదంటే గడి ముందు భాగం అమ్ముకోవలసిందే.

ఊరికి తెలియజేయమని చాటింపు వేసే అతనికి చెప్పాను. అతను డప్పు కొట్టి, తండ్రి దగ్గర నేర్చుకున్న మాటలే చాటాడు: “ఇంటికొక మనిషి గడికి రావాలె.” మా తాత కాలంలో ఆ మాటలకు ఒకటే అర్థం. వెట్టి.

తెల్లవారేసరికి వాకిలి నిండిపోయింది. ఎక్కువమంది పెద్ద వయసువాళ్లు. గంపలు, పారలు, తాళ్లు తెచ్చారు. చెప్పులు గేటు బయటే విడిచారు. చిత్రకారిణి సంబరపడి బోర్డు చదివి వినిపించింది. ఎవరూ కదలలేదు.

“గంపలెందుకు తెచ్చారమ్మా?” అని ఒక ముసలామెను అడిగింది.

“ఏం మోయాల్నో చెప్తే గద తెలిసేది.”

పక్కనున్నామె కుర్చీలకేసి చూసింది. “గీ రెండు కుర్సీలకు గింతమందిమా? సగం మందిమి పండుకోవచ్చు.”

వాకిట్లో నవ్వులు లేచాయి. చిత్రకారిణిని పక్కకు పిలిచి చాటింపు సంగతి చెప్పాను. ఆమె వాకిట్లోని గంపలకేసి చూసింది. “అయితే వీళ్లు వచ్చినవాళ్లు కారు, రప్పిస్తే వచ్చినవాళ్లు. ఆ మాట మీరే చెప్పండి వాళ్లకు” అంది.

మెట్ల మీద నిలబడి చెప్పాను. “పనేం లేదు. మీ ఇష్టం. ఉండేవాళ్లు ఉండండి, పోయేవాళ్లు పోండి.”

అప్పుడు ఒక ముసలాయన గంప దించాడు. వాళ్ల నాన్న మా ఎడ్లను మేపిన మనిషి. తిన్నగా హాలులోకి వచ్చి ఒక కుర్చీలో కూర్చుని, రెండోదాన్ని నాకు చూపించాడు. మా ఇంట్లో వాళ్లవాళ్లెవరూ మాకు సమానమైన ఎత్తులో కూర్చుని ఎరగరు. నేను వెళ్లి, మావాళ్లు నేర్పినట్టు నిటారుగా కూర్చున్నాను. ఏమడుగుతాడో వినాలని నాకు ఆత్రంగా ఉంది.

“ఒక్కటే అడుగుత దొరా. మేం రాకుంటే ఏం చేస్తుంటివి?”

“ఏం చేసేవాణ్ణి కాదు.”

“చేయనీకి ఏమన్న ఉన్నదా?”

“లేదు.”

నా ముఖంలోకి చూశాడు. “ఇగ మంచిది. మా అయ్య గీ మాట అడగాలని సచ్చేదాంక అనుకుంటుండె.” లేచి గంప అందుకున్నాడు. “కంది కోతకొచ్చింది. పోతున్న.”

ఆయన వెనకే అందరూ కదిలారు. “కుర్సీ మెత్తగున్నదా మామా?” అని ఒకామె అడగడం వినిపించింది.

“గట్టిగనే ఉన్నది, దొర నడుము లెక్క.”

తర్వాత చాటింపు లేదు. తమంతట తాము ఎవరొస్తారా అని రోజూ నేనూ ఎదురుచూశాను. ఒకాయన తలుపు దగ్గరే నిలబడి చూసి పోయాడు. ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, కుర్చీల్లో కూర్చుని, చాలాసేపు కోడళ్ల గురించి మాట్లాడుకుని వెళ్లారు. మొదటి రోజు జనాన్ని చూసినప్పటి కంటే వీళ్లను చూసి చిత్రకారిణి ఎక్కువ మురిసిపోయింది. ఎందుకో అప్పటికి నాకూ అర్థమైంది.

వెళ్లేముందు ఆమె సూటిగా అడిగింది. “ఈ కాస్త జనానికి మావాళ్లు ఒప్పుకోరు. మొదటి రోజు వచ్చినవాళ్లనూ కలిపి చెబితే ఒప్పుకుంటారు. చెప్పమంటారా?”

“వద్దు. వాళ్లు వచ్చినవాళ్లు కారని మీరే అన్నారు గదా.”

ఆ ఎండాకాలం గడి ముందు భాగాన్ని, పెద్దహాలుతో సహా, ఒక పత్తి వ్యాపారికి అమ్మేశాను.