మేకుకు మిగిలిన కొలతకర్ర

మా మామయ్య సైకిలు ఫ్రేములు చేస్తాడు, నేను ఆడవాళ్ల బట్టలు కుడతాను. ఇద్దరివీ కొలతల బతుకులే కావడం వల్ల మాకు ఒక్క క్షణం కూడా పడదు. నా మెడలో టేపు చూస్తే చాలు, ఆయనకు నవ్వొస్తుంది.

"గుడ్డయితే కుట్టు విప్పి మళ్లీ వేసుకుంటావు. నీకు టేపు చాలు. గొట్టం ఒకసారి కోశామంటే కోసినట్టే. దానికి కర్ర కావాలమ్మాయ్" అంటాడు.

కర్ర అంటే కొలతకర్ర. ఫ్రేము చేయించుకోవడానికి ఎవరొచ్చినా వాళ్లను గోడకు ఆనించి నిలబెట్టి, సన్నటి చెక్కబద్ద ఒకటి తీసుకుని దాని మీద మూడు గాట్లు పెడతాడు. మొదటి గాటు నడుము నుంచి భుజం దాకా, రెండోది చాచిన చెయ్యి, మూడోది కాలి పొడవు. అంకెలుండవు. పేరు కూడా ఉండదు. పేరు రాయకపోవడం ఆయనకు పని నేర్పిన ముసలాయన పెట్టిన నియమం. కర్రను చూసి మనిషిని గుర్తుపట్టలేనివాడు ఫ్రేము జోలికి పోకూడదని ఆయన అనేవాడట. చెప్పినాయన హాయిగా చెప్పి వెళ్లిపోయాడు, అనుభవించింది మేము.

నాదీ మామయ్యదీ పక్కపక్క వాటాలు. వెనక వరండా ఇద్దరికీ ఒకటే. ఈ చివర నా కుట్టుమిషను, ఆ చివర ఆయన బెంచి. బయటివాళ్ల పనంతా నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న షాపులో చేసేవాడు, సొంత పని మాత్రం ఇంటి దగ్గర. ఆ సొంత పని పేరు మా ఇంట్లో "రేపటి సైకిలు". ఎప్పుడవుతుందని ఎప్పుడడిగినా రేపంటాడు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను.

అత్తయ్య సంగతి చెప్పకపోతే ఈ సైకిలు సంగతి అర్థం కాదు. ఇరవై రెండేళ్ల కిందట ఆవిడ కస్టమరుగా వచ్చింది. తన ఒంటికి సరిపోయే సైకిలు దొరకడం లేదని, చేసిపెట్టమని అడిగింది. మామయ్య కొలతలు తీసుకుని కర్ర మీద గాట్లు పెట్టాడు. సైకిలు సంగతి మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ పెళ్లి చేసుకున్నారు, సైకిలు మాత్రం చేయలేదు. "కస్టమరుగానే ఉండిపోయుంటే ఈపాటికి నా సైకిలు నాకు దక్కేది మేస్త్రీ" అని అత్తయ్య దెప్పేది. పెళ్లయినా ఆయన్ని మేస్త్రీ అనే పిలుస్తుంది. వంటింటి గుమ్మం పక్కన ఒక మేకుకు ఇద్దరి కర్రలూ జతగా వేలాడేవి. ఒకటి ఆవిడది, రెండోది ముసలాయన చెక్కిచ్చిన మామయ్యది.

అత్తయ్య ఉద్యోగం వాతావరణ కేంద్రంలో. వాన ఎంత పడింది, గాలి ఎటు నుంచి ఎంత జోరుగా వీచింది, అన్నీ కొలిచి రాసిపెట్టాలి. ఇంట్లో కొలతలవాళ్లు ఇద్దరు సరిపోనట్టు ఆవిడ మూడోది. నాలుగేళ్ల కిందట ఆవిణ్ని తొంభై ఆరు కిలోమీటర్ల దూరంలో కొండ మీది కేంద్రానికి వేశారు. బస్టాండులో పెట్టె పైకి అందిస్తూ మామయ్య ఒక మాట అన్నాడు.

"నీ వెనకాలే వచ్చేస్తానోయ్. ఈ డొక్కు బస్సులో కాదు, నా చేత్తో చేసిన సైకిలు మీద."

ఏ క్షణాన అన్నాడో గానీ ఆ మాటే ఆయన కాళ్లకు అడ్డం పడింది. రెండు నెలలకోసారి అత్తయ్యే బస్సెక్కి వచ్చి రెండు రోజులుండి వెళ్లేది. ఈయన మాత్రం అటు ఒక్కసారి కూడా వెళ్లలేదు. "బస్సులో వెళ్తే ఏం పోయింది మామయ్యా?" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "మాటిచ్చాక బస్సెక్కి దిగితే ఏం బాగుంటుంది?" అనేవాడు. మాట మీద నిలబడ్డానని ఆయన గొప్ప. నిలబడ్డాడు నిజమే, నిలబడ్డచోటే నిలబడ్డాడు.

రోజూ ఉదయం ఏడింటికి, గాలి లెక్క రాయడం అయిపోగానే అత్తయ్య ఫోను చేసేది. మామయ్య చేతులకు ఎప్పుడూ గ్రీజు కాబట్టి స్పీకరు పెట్టేవాడు. అందుకే వాళ్ల కాపురం సగం నాకు తెలుసు.

"ఇవాళ గాలి మీ వైపు నుంచే వీస్తోంది మేస్త్రీ. బయల్దేరితే వెనక నుంచి నెడుతుంది" అనేది అత్తయ్య.

"ఇంకా కాస్త పనుందోయ్" అనేవాడు ఈయన.

ఆవిడ రమ్మంటోందని నాకు అర్థమయ్యేది. ఆయనకూ అర్థమయ్యేది. ఫోను పెట్టేశాక చాలాసేపు చేతిలో రంపం పట్టుకుని అలాగే కూర్చునేవాడు. ఆ గాలి వెళ్లిపోతోందన్న బాధ ఆ ముఖంలో కనబడేది. ఒక్కోరోజు రెండు గ్లాసుల్లో కాఫీ పోసేవాడు. రెండోది నాకని అబద్ధమాడేవాడు. నేను కాఫీ తాగనని ఆయనకు నా చిన్నప్పటి నుంచీ తెలుసు.

గొట్టాలు ఎంచుకోవడానికే ఏడాది పట్టింది. పల్చగా ఉండాలి, గట్టిగా ఉండాలి. రోజూ షాపుకు వెళ్లడానికి పనికి రావాలి, తొంభై ఆరు కిలోమీటర్లకు మొరాయించకూడదు. మేకుకున్న కర్ర తెచ్చి గొట్టాల పక్కన పెట్టి, గాట్ల ప్రకారం కోసి, కొసలు ఆకురాయితో వెంట్రుకంత సందు లేకుండా అరగదీసి, ఇత్తడి కరిగించి అతికాడు. అతుకుల మీద వేలు పెడితే ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు. కోపంలో ఉన్నా ఒప్పుకోవాలి, అంత అందమైన ఫ్రేము నేను మళ్లీ చూడలేదు.

సైకిలు తయారైంది. షాపుకు వెళ్లే నాలుగు కిలోమీటర్లూ జామ్మని వెళ్లేది. ఆదివారం పాత వంతెన దాకా, అంటే ఇరవై కిలోమీటర్లు తొక్కేసరికి నడుము పట్టేసేది, చిటికెన వేళ్లు తిమ్మిరెక్కేవి. ఇంక సరిచేయడం మొదలుపెట్టాడు. సీటు రెండు వేళ్లు పైకి, ఒక వేలు వెనక్కి. హ్యాండిలు మెడ తీసేసి ఇంకో పొడవుది. దాంతో నడుము కాస్త తేరుకుంది గానీ మలుపుల్లో హ్యాండిలు మొద్దుబారింది. చక్రాలు బెండు తీశాడు. బెండు లేదు, అయినా తీశాడు. ఒక్కొక్క స్పోకునూ గోటితో మీటి చెవి పెట్టి విన్నాడు. చైనులో ఒక లింకు తీశాడు, మళ్లీ వేశాడు. ఇలా ఏడాదిన్నర.

"ఒక్కసారి నీ ఒళ్లు కొలవనీ మామయ్యా. రెండు నిమిషాలు" అని టేపు తీశాను ఒకరోజు.

"ఫ్రేముకేం కాలేదు. కర్ర ప్రకారం కోశాను" అన్నాడు విసుగ్గా.

నిజానికి ఆయన భయం వేరే. కర్ర తప్పు కాదు, గొట్టం తప్పు కాదు, అయితే తప్పు తన ఒంట్లోనే ఉండాలి. వయసు మీద పడుతోందని, ఇంక ఆ దూరం తన వల్ల కాదని లోలోపల అనుకుంటున్నాడు. నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెల పదిహేనో తేదీన ఫోనులో అత్తయ్య గాలి సంగతి చెప్పలేదు.

"పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇక్కడే ఇంకో మూడేళ్లు ఉంటావా, వెనక్కి వస్తావా అని. నెలాఖరులోపు రాసివ్వాలి. నువ్వేమంటావు మేస్త్రీ?"

మామయ్య చేతిలోని స్పానరు బెంచి మీద పెట్టాడు. "నీ ఇష్టమోయ్" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఫోను పెట్టేశాక అడిగేశాను.

"వచ్చేయమని ఒక్క మాట అనలేవా?"

"ఏ ముఖం పెట్టుకుని అడగనే? నాలుగేళ్లలో ఒక్కసారి వెళ్లి ఎలా ఉన్నావని చూడలేదు. వెళ్తా. ఎదురుగా నిలబడి అడుగుతా."

ఆ ఆదివారమే బ్యాగు క్యారియరుకు కట్టుకుని బయల్దేరాడు. సందు మలుపు తిరిగేదాకా చూశాను. మధ్యాహ్నం ఒంటిగంటకు మా గుమ్మం ముందు కూరగాయల వ్యాను ఆగింది. వెనక బుట్టల మధ్య సైకిలు, ముందు డ్రైవరు పక్కన మామయ్య. ముప్ఫై ఐదో కిలోమీటరు దగ్గర చేతులకు స్పర్శ పోయి బ్రేకు పట్టలేకపోయాడట. సైకిలు గోడకు ఆనించి, దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎంత పిలిచినా భోజనానికి లేవలేదు.

మర్నాడు ఏడింటికి ఫోను మోగింది. ఆవిడ గాలి సంగతి ఎత్తకముందే ఈయన మొదలుపెట్టాడు.

"నా వల్ల కావట్లేదోయ్. ముసలాణ్నయిపోయాను. సైకిల్లో ఏ లోపం లేదు, కర్ర ప్రకారమే కోశాను. ఒళ్లే మారిపోయింది. నా కోసం చూడకు. అక్కడ బాగుందంటే ఉండిపో."



"ఏ కర్ర ప్రకారం?" అంది అత్తయ్య.

"ఏ కర్రేంటి? మేకుకున్న కర్ర."

"మేకుకు మిగిలిన కర్రా?"

"అవును. నీది నువ్వు పట్టుకెళ్లావుగా."

ఫోను కట్టయింది. మామయ్య నా వైపు చూశాడు. ఆవిడకు కోపం వచ్చిందనుకున్నాం ఇద్దరం.

మంగళవారం మధ్యాహ్నం అత్తయ్య బస్సు దిగి వచ్చింది. చేతిలో పెట్టె లేదు. భుజానికి చిన్న బ్యాగు, చేతిలో చీరముక్క చుట్టిన సన్నటి పొట్లం. చెప్పులు కూడా విప్పకుండా వరండాలోకి వచ్చి పొట్లం విప్పింది. లోపల కొలతకర్ర. మేకుకున్న దాన్ని తీసి రెండూ పక్కపక్కన బెంచి మీద పెట్టింది. మొదటి గాటు దగ్గర మూడు వేళ్ల తేడా ఉంది. కాలి గాటు దగ్గర తేడా వేలెడు కూడా లేదు.

మామయ్య ఆవిడ తెచ్చిన కర్ర చేతిలోకి తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పాడు. ముసలాయన గాటు కాస్త ఏటవాలుగా పెట్టేవాడట. అది చూసి గుర్తుపట్టాడు.

"ఇది నాది" అన్నాడు మెల్లగా. "నాది నువ్వెందుకు పట్టుకెళ్లావు?"

అత్తయ్య నన్ను ఒకసారి చూసి, నేను కదలనని అర్థమై, చెప్పేసింది.

"వెళ్లేరోజు నాదే తీద్దామని చెయ్యి పెట్టాను. నా కొలత నా దగ్గరే ఉందిగా, అదెందుకు అనిపించింది. నీది పట్టుకెళ్లాను. మంచం పక్కన గోడకు ఆనించుకున్నా. లేవగానే నువ్వెంత ఉంటావో కనబడుతుంది."

"చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? సిగ్గేసింది."

ఇల్లు వదిలి వెళ్లే మనిషి తన వస్తువే తీసుకెళ్తుందని ఆయన అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. నాలుగేళ్లు కష్టపడి, మూడు వేళ్లు పొట్టి ఫ్రేములో తన ఒళ్లు ఇరికించుకుని, ముసలితనం వచ్చిందని ఏడ్చాడు మా మామయ్య. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ చూస్తే ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు.

"అయితే నేను ముసలాణ్ని కాలేదన్నమాట" అన్నాడు.

"అది వేరే సంగతి" అంది అత్తయ్య.

ఆవిడ సైకిలు దగ్గరికి వెళ్లి, తనకు సరిపోతుందేమో చూడటానికి మోచెయ్యి సీటు ముక్కుకు ఆనించి హ్యాండిలు వైపు చెయ్యి చాచింది. మామయ్య పరుగున వచ్చి పొడవు మెడ పీకేసి పాతది బిగించాడు, సీటు రెండు వేళ్లు దించి, ఒక వేలు ముందుకు జరిపాడు. మళ్లీ చెయ్యి చాచింది. వేళ్ల కొసలు హ్యాండిలును తాకాయి, ఒక్క పిసరు ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఎక్కి సందులో రెండు చుట్లు తిరిగొచ్చింది. దిగాక, "ఇరవై రెండేళ్లకు డెలివరీ ఇచ్చావు మేస్త్రీ" అంది. హ్యాండిలు మాత్రం వదల్లేదు.

గురువారం ఉదయమే ఆ సైకిలు మీద వెళ్లిపోతానంది. మామయ్య చైనుకు నూనె వేసి, టైర్లలో గాలి బొటనవేలితో నొక్కి చూసి, బ్రేకు వైరు దగ్గర వంగి కూర్చున్నాడు.

"కాగితం నింపావా అత్తయ్యా?" అని నేనే అడిగాను.

"లేదు. గదిలోనే ఉంది" అని ఆయన్ని చూసింది. ఆయన బ్రేకు వైరును చూస్తున్నాడు. వీళ్లిద్దరి మధ్యా నా తలప్రాణం తోకకు వచ్చింది. ఆవిడ వెళ్లిపోయింది.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ఫోను. ఎనిమిది గంటలు పట్టిందట. కొండ ఎక్కేచోట మూడు కిలోమీటర్లు దిగి నడిపించుకుందట.

"నడుమెలా ఉంది? వేళ్లు?" అన్నాడు మామయ్య ఆత్రంగా.

"ఏమీ లేదు. కుర్చీలో కూర్చున్నట్టుంది."

ఆయన ముఖం వెలిగిపోయింది. అప్పటికే బెంచి మీద తన సైకిలుకని కొత్త గొట్టం బిగించి ఉంచాడు. మేకు దగ్గరికి వెళ్లి చూసి, ఒక్కటే కర్ర తీసుకుని తిరిగొచ్చాడు. ఈసారి గాటు చూశాడు. ఆవిడదే.

"నా కర్ర ఏదోయ్?"

"నా దగ్గరే ఉంది."

"మళ్లీనా!"

"ఈసారి దొంగతనం కాదు. సైకిలుకు కట్టుకుని నీ కళ్ల ముందే తెచ్చుకున్నా. నువ్వే బ్రేకు చూస్తున్నావు."

"సరే, కొలత చెప్పు. గొట్టం రెడీగా ఉంది."

"మొదటి గాటు… రెండు జానల నాలుగు వేళ్లు."

మామయ్య జాన పెట్టి కొలిచి సుద్దముక్కతో గీత గీశాడు. రంపం ఎత్తాడు. గీత మీద పెట్టి ఆగిపోయాడు.

"ఎవరి జానోయ్?"

"నాదే."

ఆయన రంపం దించేశాడు. టేపు లేదా అత్తయ్యా అని అడగబోయి నోరు మూసుకున్నాను. టేపు గురించి మాట్లాడకుండా ఊరుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి. ఫోనులో అక్కడి గాలి చప్పుడు వినిపిస్తోంది.

"కర్ర ఇక్కడుంది మేస్త్రీ. కాగితమూ ఇక్కడే ఉంది" అంది అత్తయ్య.

మామయ్య గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ తుడుచుకుని, ఫోను అలా ఉండగానే నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఆ కొండకెళ్లే బస్సు పొద్దున ఎన్నింటికే?"

నాకు తెలియదు. నేను నోరు తెరిచేలోపే ఫోనులోంచి జవాబొచ్చింది.

"ఆరున్నరకి."